లలితకుమారి పిన్ని పట్టుకున్న బోర్డు

ముందు సైకిలు బెల్లు వినిపిస్తుంది. మా అపార్ట్‌మెంటు లిఫ్టులోనో, పెళ్ళిభోజనాల వరసలోనో, శంషాబాద్ విమానాశ్రయంలో దిగినవాళ్ళు బయటికొచ్చే గాజు తలుపుల దగ్గరో, సైకిలు రావడానికి ఏ దారీ లేని చోట ట్రింగ్ ట్రింగ్ మంటుంది. జనం అలవాటుగా పక్కకు తప్పుకుంటారు. సైకిలు రాదు. చేతిలో ఫోను పట్టుకుని మా లలితకుమారి పిన్ని వస్తుంది. ఎక్కడో ఎవరో రాసిన ఉత్తరం ఆ ఫోనులోకి అప్పుడే వచ్చి వాలిందన్నమాట. ఆ సరికి నేను ఏదో ఒక స్తంభం చాటున ఉంటాను.

మా పిన్నిది ఒకటే గుణం. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా, అది సగంలో ఉండగానే, "దాని మీద ఒకరు రాస్తున్నారు" అంటుంది. అని ఊరుకోదు. "ఫోనిటివ్వండి" అని చెయ్యి చాపుతుంది. ఇచ్చేదాకా ఆ చెయ్యి గాల్లో అలాగే ఉంటుంది. చివరికి ఆ చేతిని చూడలేక ఇచ్చేస్తారు. ఆమె వాళ్ళ మెయిలు వెతికి పట్టుకుని ఏదో ఒక న్యూస్‌లెటర్‌కి చందాదారుల్ని చేసి, ఫోను తుడిచి మరీ తిరిగిస్తుంది.

రాస్తున్నారంటే పేపర్లో కాదు. జీతమిచ్చే కంపెనీ లేకుండా, ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తమకు తోచింది రాసి, కావాలన్నవాళ్ళకు మెయిల్లో పంపుకునేవి. తెలుగులో ఇలాంటివి ఎన్నున్నాయో ఎవరికీ తెలియదు. రాసేవాళ్ళు ఇంట్లో కూడా చెప్పరు మరి. పిన్నీ, ఆమెలాంటివాళ్ళు ఇంకొందరూ కలిసి ఇంటర్నెట్లో ఒక జాబితా పెట్టారు. దాని పేరు 'ఎవరేం రాస్తున్నారు'. ఎవరైనా అందులో చేర్చవచ్చు, కానీ ఎవరిది వాళ్ళు చేర్చుకోకూడదు, చదివినవాళ్ళే చేర్చాలి. ఎంతమంది చదువుతున్నారన్న లెక్క ఉండదు. ఎవరికి పనికొస్తుందో మాత్రం ఒక్క వాక్యం. నిద్ర పట్టనివాళ్ళకు. అద్దె ఇంట్లో మొక్కలు పెంచేవాళ్ళకు. అత్తగారు మంచిదైనవాళ్ళకు. ఈ చివరిదాన్ని ఆవిడ ఎవరికీ అంటగట్టలేకపోయింది.

ఈ జబ్బు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు. పిన్నిది తెనాలి. పెళ్ళై హైదరాబాదు వచ్చి, రిటైరయ్యేదాకా కరెంటాఫీసులో ఫిర్యాదుల ఫోను ఎత్తే సీట్లో కూర్చుంది. చీకట్లోంచి ఊరంతా ఆవిడకే మొరపెట్టుకునేది. ఎవరి చీకటిని ఏ లైన్‌మన్‌కి అప్పజెప్పాలో ఆవిడ చూసేది. ఉద్యోగం పోయినా సీటు పోలేదు.

ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్చీ వాల్చారు, నోట్లో దూది కుక్కారు. డాక్టరమ్మ పన్ను గీకుతూ నర్సుతో, "మా పాప అన్నం ముద్ద నోట్లోనే పెట్టుకుని కూర్చుంటుంది, మింగదు" అంది. పిన్ని కళ్ళు వెలిగాయి. దూది వెనకనించి ఒక పొడుగాటి మూలుగు వచ్చింది.

"నొప్పిగా ఉందాండీ?" అంది డాక్టరమ్మ కంగారుగా.

పిన్ని కాదన్నట్టు తల ఊపి మళ్ళీ మూలిగింది.

"ఏమంటున్నారండీ మీ పిన్నిగారు?"

"దాని మీద ఒకరు రాస్తున్నారంటున్నారండీ" అన్నాను నేల చూస్తూ. అప్పటికే చెయ్యి చాపి ఉంది.

ఆరాంఘర్ దగ్గర ఓ సాయంత్రం బండ్లన్నీ ఆగిపోయాయి. ఎర్రదీపాలు మిణుగురుల గుంపు అలిసిపోయి వాలినట్టున్నాయి. మా పక్క ఆటో ఆయన హ్యాండిలు మీద తల పెట్టుకుని, "రోజూ గిదే పరేషాన్" అన్నాడు తనలో తనే. పిన్ని కారు అద్దం దించింది. నేను ఎక్కించబోయాను, ఆలస్యమైంది.

"బాబూ, ట్రాఫిక్ జాముల మీద ఒకమ్మాయి రాస్తోంది. చాలా బాగా రాస్తోంది."

ఆయన తలెత్తి పిన్నిని చూసి, నన్ను చూసి, మళ్ళీ పిన్నిని చూశాడు. "అక్కా, గా పిల్లను జర ఈడికి రమ్మను. రాసుడు కాదు, ముందుగాల గీ లారీని పక్కకు తీపియ్యి."

"లారీల మీద కూడా ఒకాయన" అంటుండగా దారి కదిలింది. దేవుడున్నాడు.

మా కింది వాటా ముత్తయ్యగారిది శంషాబాద్ దగ్గర సాతంరాయి. బావుల్లో దూకి పెరిగిన మనిషి, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మెట్ల మీదే కూర్చుంటారు. మోకాళ్ళన్నారో లేదో, ఏభయ్యేళ్ళు దాటాక ఈత నేర్చుకుంటున్న ఎవరో ఒకాయన రాసేది ఆయనకు కట్టబెట్టింది.

"నాకు సదువు రాదు చెల్లె" అన్నారాయన.

"ఫోనే చదివి వినిపిస్తుందండీ."

వారం తర్వాత మెట్ల మీదినించి ఆయన గొంతు. "ఎవడే చెల్లె గీయన? నడుం లోతు నీళ్ళల్ల నిలబడి గింత భయపడుతున్నడు. జర ఓ కంట కనిపెట్టు, ఏమైతడో ఏమో."

ఇవన్నీ భరించాను. విమానాశ్రయంలో బోర్డే భరించలేకపోయాను.

నేను పనిచేసేది అక్కడే, ప్రయాణికుల సామాన్లు చూసే ఒక కంపెనీలో. యూనిఫాం, మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ. గాజు తలుపుల అవతల డ్రైవర్లు పేర్లు రాసిన అట్టలు పట్టుకుని వరసగా నిలబడతారు. ఆ వరసలో, హోటలు డ్రైవరుకీ పెళ్ళివారి మనిషికీ మధ్య, మా పిన్ని. ఆమె అట్ట మీద మనిషి పేరుండదు, న్యూస్‌లెటర్ పేరుంటుంది. ఒకరోజు 'ఉప్పు తక్కువ'. ఒకరోజు 'మా వీధి పిల్లులు'. దిగినవాళ్ళు చదివి, నవ్వి, ఫొటోలు తీసుకునేవాళ్ళు. "ఫ్రీయేనాండీ?" అని అడిగేవాళ్ళు. మా వాళ్ళు వాకీటాకీలో, "దుర్గేష్, మీ పిన్ని ఇయ్యాల ఉప్పు తక్కువతో వచ్చింది" అని చెప్పేవాళ్ళు. ఆ నల్లటి మెరుపునేలలో నా మొహం నాకే కనిపించి, దాని మీదే అడుగేసుకుంటూ నడిచేవాణ్ణి.

ఇంట్లో కూర్చుని అంటగట్టడం చాలక, ఇక్కడికొచ్చి ప్రచారం చేస్తోందనుకున్నాను. అందరూ అలాగే అనుకున్నారు.

ఒక సోమవారం మా పెద్దసారు గోవర్ధన్‌గారు పిలిపించారు. తుక్కుగూడ మనిషి, మీసం కూడా డ్యూటీలో ఉన్నట్టుంటుంది. అంతకు ముందురోజే విశాఖపట్నం పనిమీద వెళ్ళి వచ్చారు.

"ఏందయ్యా దుర్గేష్, బయట బోర్డు పట్టుకొని నిలబడేటామె మీ పిన్నట గదా."

"అవును సార్."

"గిట్లయితే ఎట్ల? ఇది ఎయిర్‌పోర్టా, జాతరనా? మళ్ళ విశాఖ పోయి శుక్రవారం వస్తున్న. నేను దిగేటాల్లకు ఆమె కనబడొద్దు." ఆయన బల్ల మీద ఒక కవరును వేలితో నా వైపు కొంచెం జరిపి, మళ్ళీ తన వైపు లాక్కున్నారు. "షిఫ్ట్ ఇన్‌చార్జి ఆర్డరు. నీ పేరే ఉంది. ఆమె కనబడ్డదా, ఇగ నువ్వు కార్గోల మూటలు లెక్కబెట్టుకో."

ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి. కోపమనుకున్నాను.

ఇంటికెళ్ళి పిన్నికి ఆ కవరు సంగతి చెప్పాను. ఎవరు చెప్పారో కాదు, పైవాళ్ళు అన్నానంతే. పిన్ని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

"శుక్రవారం కుదరదురా. ఆరోజు ఒకరు దిగుతున్నారు."

"ఎవరు?"

"తెలీదు."

"తెలీని మనిషి కోసం నా ప్రమోషన్ పోగొడతావా?"

"పేరు తెలీదురా. రాసేది తెలుసు. పేరు తెలిస్తే పేరే రాసేదాన్ని కదా బోర్డు మీద."

"అంటే, ప్రచారం కాదా అది?"

"నేనేమన్నా వడియాలు అమ్ముతున్నానట్రా? మావాళ్ళు అప్పుడప్పుడూ రాస్తుంటారు, ఫలానా రోజు హైదరాబాదులో దిగుతున్నానని. ఎదురెళ్తున్నానంతే."

"ఇన్నాళ్ళూ ఎంతమంది వచ్చి పలకరించారు?"

"ఎవరూ రాలేదు." చిక్కుడుకాయ పుటుక్కున విరిచింది. "సిగ్గురా వాళ్ళకి. బోర్డు చూస్తారు, ఆగుతారు, చెంప రుద్దుకుంటారు, వెళ్ళిపోతారు. నేనూ చూడనట్టే ఉంటాను."

"మరి ఎందుకెళ్ళడం?"

"ఆఫీసులో ఫోనెత్తగానే ముందు కరెంటు సంగతి చెప్పేవాళ్ళు కాదురా. 'హలో, ఎవరన్నా ఉన్నారా?' అనేవాళ్ళు. ఉన్నానండీ అంటే చాలు, సగం స్థిమితపడేవాళ్ళు."

నాకు అదేమీ ఎక్కలేదు. కళ్ళ ముందు కార్గో మూటలే ఉన్నాయి. "నువ్వు మా పిన్నివని చెప్పుకోడానికి నాకు తలవంపులుగా ఉంది" అన్నాను.

పిన్ని తలెత్తింది. "సిగ్గు మీద ఒకరు" అని మొదలుపెట్టి, మొట్టమొదటిసారి ఆ వాక్యాన్ని సగంలో వదిలేసి, ఈనెలు ఏరుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున నేను డ్యూటీలో ఉన్నాను. పిన్ని నాకంటే ముందే ఉంది, తెల్లచీరకు గంజి పెట్టి మరీ. అట్ట మీద నీలంరంగుతో 'మునగకుండా'.

"ఏం కంపెనీ అండీ, పడవలా?" అన్నాడు పక్క డ్రైవరు.

"కాదు బాబూ, ఈత."

వెళ్ళి చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగాలనుకున్నాను. రెండడుగులు వేశాను కూడా. గాజు తలుపులు తెరుచుకున్నాయి. విశాఖ విమానం జనం. వాళ్ళ మధ్య సూట్‌కేసు లాక్కుంటూ గోవర్ధన్‌గారు.

ఆయన నన్ను చూడలేదు. బోర్డు చూశారు. సూట్‌కేసు చక్రాలు ఆగాయి. వెనకవాళ్ళు తప్పుకుని పోతున్నారు. ఆయన చెయ్యి నెమ్మదిగా పైకి లేచి చెంప రుద్దుకుంది.

అద్దాలు పెట్టుకోని ఆ మనిషికి కళ్ళచుట్టూ గుండ్రటి గుర్తులు ఎందుకుంటాయా అని చాన్నాళ్ళుగా అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ ఈత కళ్ళద్దాల గుర్తుల్నే చూస్తూ నిలబడిపోయాను.

ఆయన దాటి వెళ్ళిపోయారు. పిన్ని పైకప్పు చూస్తోంది, చూడనట్టు. నాలుగు బారలు పోయి, ఆయన వెనక్కి వచ్చారు.

"అమ్మా, ఎవరి కోసం నిలబడ్డరు?"

"ఇది రాసేవారి కోసమండీ. ఎవరో తెలీదు. ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నారు. నీళ్ళంటే మహా భయమట."

"ఓహో." సూట్‌కేసు పిడి సర్దుకుంటూ, "ఎట్ల రాస్తడు?" అన్నారు, నేలను అడుగుతున్నట్టు.

"మొదట్లో కాస్త బరువుగా రాసేవారు. పసిపిల్లలు ఈదుతూ వెళ్ళి 'అంకుల్, జరగండి' అన్న రోజు రాశారు చూడండి, వంటింట్లో నిలబడి నవ్వుతూనే ఉన్నాను. పాలన్నీ పొంగిపోయాయి."

"పాలు పొంగినయా?"

"స్టవ్వంతా."

ఆయన మీసం డ్యూటీ దిగింది. అంత పెద్దమనిషి మొహం మీద ఆ సంతోషాన్ని చూడటం తప్పేమోనని నేను వాకీటాకీ వైపు చూసుకున్నాను.

"నేనొక్కదాన్నే కాదండీ" అంది పిన్ని. "మా కింది వాటా ముత్తయ్యగారు ఒక్కటీ వదలరు. 'మంచిగనే నేర్సుకుంటున్నడు గని ఒక చెయ్యి తప్పు ఎత్తుతున్నడు' అంటుంటారు."

"ఏ చెయ్యి?" అన్నారు గోవర్ధన్‌గారు.

అన్నాక తెలిసింది ఆయనకు, ఏమన్నారో. ఆ ఎరుపు చెవుల దగ్గర ఆగలేదు, మెడ కిందికి దిగింది. సోమవారం నేను కోపమనుకున్నది ఇదే.

పిన్ని అసలేమీ విననట్టు సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. "ఆయన రాలేదు లెండి ఇవాళ. ఆయన కోసం సున్నుండలు చేశాను. పొద్దున్నే బయల్దేరి ఉంటారు, మీరు తినండి."

ఆయన ఒకటి తిన్నారు. రెండోది రుమాల్లో చుట్టుకుని, బోర్డుకు నమస్కారం పెట్టారో పిన్నికి పెట్టారో తెలియకుండా చేతులు జోడించి, అప్పుడు నన్ను చూశారు.

"దుర్గేష్."

"సార్, నేను చెప్పాను సార్, ఈవిడే..."

"మనిషి ఎంతసేపటి సంది నిలబడ్డదో. కుర్చీ ఏపియ్యరాదా?" సూట్‌కేసు ఎత్తుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నారు. "సోమవారం వచ్చి కవరు తీస్కపో. నువ్వు గూడ నోరు మూస్కొని ఉండు."

ఇప్పుడిది రాయడానికి ఆయన్నే అడిగి ఒప్పించాను. పేరు మార్చమన్నారు, మార్చాను.

డ్యూటీ అయ్యాక కారు దగ్గరికి నడుస్తున్నాం. బోర్డు నేనే పట్టుకున్నాను, అక్షరాలు నా వైపు తిప్పుకుని. రెండు వరసలు దాటాక బయటివైపు తిప్పాను. కారెక్కాక అప్పుడు చెప్పాను, నిన్ను ఇక్కడ కనబడొద్దన్న మనిషి ఆయనే పిన్నీ అని. ఆవిడ ఆశ్చర్యపోలేదు. సీటుబెల్టు పెట్టుకుంటూ అంది:

"నేను రావద్దనుకున్నవాడు ఏ విమానంలో దిగుతాడో ఉత్తరంలో ఎందుకు రాస్తాడురా? కారు తియ్యి. ముత్తయ్యగారు మధ్యాహ్నం పడుకోకముందే కనుక్కోవాలి, ఏ చెయ్యో."