ముందే నింపిన చివరి కాలమ్

కరోనా సెలవులు పోయి బడులు కుదుటపడ్డాక, ఒక జూన్ మూడో వారంలో, వర్ధన్నపేట మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నేను భౌతిక శాస్త్రం స్కూల్ అసిస్టెంట్‌గా బదిలీ మీద వచ్చాను. స్కూల్ అసిస్టెంట్ అంటే ఎవరికో సహాయం చేసే పని అని మా చుట్టాల్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. హైస్కూలు తరగతులకు ఒక సబ్జెక్టు మొత్తం బాధ్యత చూసే టీచరు హోదా అది. దాని పైన హెడ్మాస్టరు, ఆ పైన మండల విద్యాధికారి. నాకు రిటైర్మెంటు ఇంకా రెండేళ్ల పైచిలుకు ఉంది. ఆ కాస్త కాలం నోరు మూసుకుని హనుమకొండ నుంచి బస్సులో వచ్చి పోతే చాలని అందరూ చెప్పారు.

మా వృత్తిలో పీరియడ్ ప్లాన్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ పీరియడులో ఏం చెబుతాం, ఏ ప్రయోగం చూపిస్తాం, ఏ ప్రశ్నలు అడుగుతాం అని ముందుగా రాసుకోవాలి. చివర ఒక కాలమ్ ఉంటుంది: ఉపాధ్యాయుని ప్రతిస్పందన. పాఠం అయ్యాక, అది ఎలా సాగింది, ఎక్కడ తడబడ్డాం, రేపు ఏం మార్చాలి అన్నది అందులో రాయాలి. ఆలోచన మంచిదే. అయితే తనిఖీకి వచ్చేవాళ్లు ఆ కాలమ్ నిండిందా లేదా అని చూస్తారు, దేనితో నిండిందో చూడరు. అందుకని జులైలోనే, ప్లాన్లతో పాటు దాన్నీ నింపేసేవాళ్లం. ‘పిల్లలందరూ చక్కగా అర్థం చేసుకున్నారు. చర్చలో ఉత్సాహంగా పాల్గొన్నారు.’ ఇంకా చెప్పని పాఠం గురించి ఈ మాట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేనూ ఇరవై తొమ్మిదేళ్లు అలాగే రాశాను. చేతిరాత ముత్యాల్లా ఉందని మెచ్చుకోళ్లు కూడా పొందాను.

పిల్లలకూ ఇదే విద్య నేర్పాం. వాళ్ల మార్కుల్లో కొన్ని, పాఠం మీద సొంత ప్రతిస్పందన రాసినందుకు ఇస్తాం. చేరిన కొత్తలో తొమ్మిదో తరగతి నోటు పుస్తకాలు తెప్పించి చూశాను. ‘ఈ పాఠం నాకు చాలా బాగా నచ్చింది’ అని అందరిదీ ఒకటే వాక్యం. ఎంత బాగా నచ్చిందంటే, ఇంకా మొదలుపెట్టని మూడో పాఠం కూడా ఇద్దరికి నచ్చేసింది. నవ్వు రాలేదు నాకు. కోపం వచ్చింది, అదీ ముందు నా మీదే.

అట్లా మొదలైంది మా క్లాసు బ్లాగు. కంప్యూటర్ గదిలో పనిచేసేవి మూడే యంత్రాలు. పిల్లలు ముందు కాగితం మీద రాసుకుని, శుక్రవారం చివరి పీరియడులో వంతులవారీగా తెలుగులో టైపు చేసేవాళ్లు. బ్లాగు అంటే ఇంటర్నెట్లో పెట్టే గోడపత్రిక అనుకోండి; కొత్తది పైన ఉంటుంది, పాతది కిందికి జరుగుతుంది, ప్రతి రాత కిందా జవాబు రాయడానికి చోటుంటుంది. నేను పెట్టిన నియమాలు కొన్నే. పేర్లు, ఫొటోలు ఉండవు, రోల్ నంబరు మాత్రమే. తల్లిదండ్రులు ముందుగా సంతకమో వేలిముద్రో వేసి ఒప్పుకున్న పిల్లల రాతలే పెడతాను. ‘బాగా నచ్చింది’ అని రాస్తే తిప్పి పంపిస్తాను. ప్రతి రాత కిందా నేను జవాబు రాస్తాను. హెడ్మాస్టరు యాదగిరి సారు అనుమతి పత్రం మీద సంతకం పెట్టారు, చదవకుండానే.

దసరా దాకా ఏమీ జరగలేదు. పిల్లలు భయంభయంగా, ఫ్యాను తిరగట్లేదనీ చాక్‌పీసు దుమ్ము పడుతోందనీ రాశారు. నవంబరులో తేలే వస్తువుల పాఠం చెప్పాను. ఆ శుక్రవారం పదిహేడో నంబరు రాసింది ఇది:

‘మేడం సాంద్రత అంటే ద్రవ్యరాశి బై ఘనపరిమాణం అని బోర్డు మీద మూడుసార్లు రాసింది. సమజ్ కాలేదంటే నాలుగోసారి రాసింది. ఇంటికి పోతే మా అమ్మ యాసంగి నారుకు వడ్లు చూస్తాంది. బకెట్ల నీళ్లు పోసి కోడిగుడ్డు తేలేదాకా ఉప్పు కలిపింది. గుడ్డు తీసి వడ్లు పోస్తే తాలు పైకొచ్చింది, గట్టి గింజ అడుగుకు పోయింది. ఉప్పెందుకే అంటే, ఉత్త నీళ్లల్ల సగం తాలు సుత మునుగుతది, ఉప్పేస్తే నీళ్లు బరువైతయి, అప్పుడు గట్టిదొక్కటే మునుగుతది అన్నది. మేడం చెప్పింది గిదేనా? గిదే అయితే గిట్ల ఎందుకు చెప్పలేదు?’

చెంప ఛెళ్లుమన్నట్టయింది. అబద్ధమెందుకు, ముందు దాన్ని పెట్టకుండా ఆపేద్దామనే అనుకున్నాను. ఒక పూట అట్లాగే ఉంచాను. తర్వాత నా పీరియడ్ ప్లాన్ తెరిచి ఆ పాఠం చివరి కాలమ్ చూశాను. పిల్లలందరూ చక్కగా అర్థం చేసుకున్నారని ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. రాతను బ్లాగులో పెట్టి, కింద జవాబు రాశాను: ‘గిదే. నాకు తట్టలేదు. సోమవారం మళ్లీ చెబుతాను, బకెట్టూ ఉప్పూ నేను తెస్తాను.’

సోమవారం బకెట్టు చుట్టూ నిలబడి చెప్పిన ఆ పాఠం నా సర్వీసులో మంచి పాఠాల్లో ఒకటి. కానీ ఈలోగా మా మండలం టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ రాతను ఫొటో తీసి పెట్టారు. మేడం ఇంటి గుట్టు రచ్చకెక్కించిందని ఒకరు, రేపు మన పిల్లలూ మొదలుపెడతారని ఇంకొకరు. డిసెంబరులో మాకు ప్యానెల్ తనిఖీ ఉంది. ప్యానెల్ అంటే, సీనియర్ హెడ్మాస్టర్లు, సబ్జెక్టు టీచర్లు కలిసి ఒక రోజంతా బడిలో కూర్చుని ప్రతి రికార్డూ చూసే బృందం.

యాదగిరి సారు నన్ను పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. "రెండేండ్లల్ల రిటైరైతరు మేడం, గీ ఫికర్ మీకెందుకు? ప్రైవేటు బడోళ్లు ఇది చూపించి మన పిల్లలను గుంజుకపోతరు. జర తీసేయుండ్రి" అన్నారు. ఆయన చెప్పిన రెండో కారణం నిజమైన భయమే. ఏడాదికేడాది మా హాజరు పట్టీ సన్నబడుతోంది. అయినా ఆ రాత తీసేస్తే తర్వాతి శుక్రవారం నుంచి అందరికీ అన్ని పాఠాలూ మళ్లీ బాగా నచ్చుతాయి. ఆ సంగతి నాకు తెలుసు. కారణాలతో సహా రాతపూర్వకంగా ఆదేశం ఇమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు. బదులు ఆ పిల్ల తల్లికి కబురు పెట్టారు.

పదిహేడో నంబరు పేరు స్రవంతి. తల్లి సమ్మక్క పొలం నుంచి నేరుగా వచ్చింది, కాళ్లకు బురద ఇంకా ఆరలేదు. "మా పోరి ఏమన్న తప్పు రాసిందా మేడం? తీసేయుండ్రి, మీకు దండం పెడుత. మాకెందుకు ఈ లొల్లి" అంది. నేను జవాబు చెప్పేలోపే, పక్కనే నిలబడిన స్రవంతి, "అబద్ధం రాస్తే తీసేయుండ్రి మేడం. నేను రాసింది అబద్ధమా?" అంది. చూపు దించలేదు.

సమ్మక్కకు చదువు రాదు. నేను ఆ రాత మొత్తం చదివి వినిపించాను. గుడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆపమంది. "నేను జెప్పింది సుత రాసిందా?" అని అడిగింది. అంతా రాసిందని చెప్పాను. కొంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఉండనీ మేడం" అని లేచి వెళ్లిపోయింది. ఆ మాట తర్వాత ఆ రాత తీసే ప్రసక్తి నా వరకు లేదు.

తనిఖీ రోజు ప్యానెల్లోని పెద్దాయన నా పీరియడ్ ప్లాన్ పేజీలు తిప్పి, రికార్డు ఆదర్శంగా ఉందన్నారు. తర్వాత జేబులోంచి ఫోను తీసి స్రవంతి రాత చూపించారు. రికార్డులో అందరికీ అర్థమైందని ఉంది, ఇక్కడ కాలేదని ఉంది, ఒక చిన్నపిల్ల మాట బడి పరువు తీస్తుంటే ఎట్లా ఊరుకున్నారని అడిగారు. పక్కన యాదగిరి సారు ఫ్యాను వైపు చూస్తున్నారు.

పిల్ల రాసిందే నిజమని చెప్పాను. రికార్డులోది జులైలో రాశానని, అప్పటికి ఆ పాఠం చెప్పనేలేదని అన్నాను. ఆయన నమ్మలేదు. పుస్తకం తీసుకుని, ఫిబ్రవరిలో చెప్పాల్సిన శబ్దం పాఠం తెరిచి ముందు పెట్టాను. పిల్లలందరూ చక్కగా అర్థం చేసుకున్నారు. చర్చలో ఉత్సాహంగా పాల్గొన్నారు. తేదీ వేయాల్సిన చోటు మాత్రం ఖాళీ.

అందరూ ఇట్లాగే రాస్తారా అని ఆయన అడిగారు. నా పుస్తకం గురించి మాత్రమే చెప్పగలనన్నాను. పక్క గదుల్లోని పుస్తకాల సంగతి ఆయనకు తెలియనిదా? ఆయనా ఒకప్పుడు వాటినే రాసినవాడు. చివరికి మెల్లగా ఒక దారి చూపించారు. ఆ రాత తీసేస్తే ఈ పుస్తకం చూడలేదనుకుంటారట. లేదంటే, ముందుగా నింపిన రికార్డు గురించి నివేదికలో రాయక తప్పదట. సర్వీసు రిజిస్టరులో మచ్చ లేకుండా ఇంతదూరం వచ్చారు, ఆలోచించుకోండి అన్నారు.

"రికార్డు గురించే రాయండి సార్" అన్నాను. "పెన్ను కావాలంటే నాది ఇస్తాను." రెండో మాట అనకుండా ఉండాల్సిందని మా ఆయన ఇప్పటికీ అంటాడు. నాకట్లా అనిపించదు.

రాశారు. జనవరిలో పై ఆఫీసు నుంచి సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది. మెమో వస్తే మామూలుగా పేజీల కొద్దీ కారణాలు రాస్తారు, పని భారమనీ, ఆరోగ్యమనీ. నేను ఒక్క వాక్యం రాశాను: ఆరోపణ నిజం. హెచ్చరిక ఇచ్చి, సర్వీసు రిజిస్టరులో నమోదు చేశారు. బ్లాగు గురించి అందులో ఒక్క ముక్క లేదు. పిల్ల చెప్పిన నిజాన్ని తీసేయమని కాగితం మీద పెట్టే ధైర్యం ఆ వరుసలో ఎవరికీ లేకపోయింది.

బ్లాగు నేను రిటైరయ్యే రోజు దాకా నడిచింది. సోమవారం పాఠం తయారు చేసుకునే ముందు శుక్రవారం రాతలు చదవడం అలవాటైంది; ఏ పాఠం మళ్లీ చెప్పాలో అవే చెప్పేవి. శబ్దం పాఠం చివరి కాలమ్ కొట్టేసి, పాఠం అయ్యాక కింద మళ్లీ రాశాను, రెండో పీరియడులో సగం మందికి అర్థం కాలేదని. సంక్రాంతి సెలవుల తర్వాత యాదగిరి సారు చెప్పే సాంఘిక శాస్త్రం ప్లాన్లలో చెప్పని పాఠాల చివరి కాలమ్‌లు కొట్టేసి కనిపించాయి.

ఆ నమోదు మీద అప్పీలు చేసుకుని తీయించుకోమని రిటైరయ్యే ముందు ఆఫీసు సూపరింటెండెంటు సలహా ఇచ్చాడు. దరఖాస్తు నమూనా కూడా చేతికిచ్చాడు. నేను తిరిగి ఇచ్చేశాను. పాఠం ఎలా సాగిందో పాఠం అయ్యాకే రాయాలి, అదీ విన్నవాళ్లను అడిగాకే రాయాలి. ఈ చిన్న పద్ధతి నేర్చుకోవడానికి నాకు ఇరవై తొమ్మిదేళ్లూ, ఒక కోడిగుడ్డూ పట్టాయి. నా సర్వీసు రిజిస్టరు నిండా మంచి మాటలే ఉన్నాయి. వాటిలో ఏవి చూసి రాశారో, ఏవి ముందే రాసిపెట్టారో నాకు తెలియదు. ఆ హెచ్చరిక మాత్రం పుస్తకం తెరిచి చూసి రాసింది. అది అక్కడే ఉంది.