ఒట్టి పొగడ్త

మా బాబు ఇంకా నెలల పిల్లాడుగా ఉన్న రోజుల్లో ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని నేను నాయకత్వం నేర్చుకున్నాను. రెండో చెవి బాబుకు. వాడు దగ్గితే భయం, తుమ్మితే భయం. ఏ చప్పుడూ లేకుండా నిద్రపోతే ఇంకా భయం. ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందో లేదో చూసేదాన్ని. ఇది రాస్తూ కూడా ఇప్పుడే లేచి వాడి ఒళ్లు తాకి చూసి వచ్చాను.

ఆ పాఠాలు మా ఆయన తెచ్చేవాడు. హిందూపురంలో ఆయనకొక నెట్ సెంటర్ ఉంది. మధ్యాహ్నం ఎవరూ రాని వేళ నెట్‌లో వెతికి వెతికి నాకోసం ఇంగ్లీషు ప్రసంగాలు దించేవాడు. ఉద్యోగాల్లో మనుషుల్ని ఎట్లా నడపాలి, పని ఎట్లా రాబట్టాలి, ఎత్తుగడ ఎట్లా వేయాలి అన్నీ వాటిలో ఉండేవి.

"పాడ్‌కాస్ట్ అంటారంట దీన్ని. రేడియో మాదిరే. కాకపోతే ఆయప్ప చెప్పేది నీకు తీరినప్పుడు వినచ్చు" అని చిన్న ప్లేయర్‌లో ఎక్కించి ఇచ్చాడు.

నాకు అవి ఎందుకు కావలసి వచ్చాయంటే, ఊరి బయట గార్మెంట్ ఫ్యాక్టరీలో ఒక కుట్టు లైను, అంటే వరస మిషన్లూ వాటి మీద కుట్టేవాళ్లూ, నా చేతికి వచ్చింది. అంతకుముందు నేను చెకింగ్ టేబుల్ దగ్గర కుట్టిన షర్టులు తిప్పి చూసి, తప్పున్నవి వెనక్కి పంపేదాన్ని. కాన్పు తర్వాత మళ్లీ పనిలో చేరిన కొన్నాళ్లకు, లైను సూపర్‌వైజర్ బెంగుళూరులో పని చూసుకొని వెళ్లిపోయాడు. ఆయన పొద్దున మిషన్లు మొదలైనప్పటి నుంచి సాయంత్రం దాకా అరిచేవాడు. ఆయన అరుపు లేకపోతే లైను నడవదని అందరి నమ్మకం. మేనేజరు నన్ను పిలిచాడు.

"డిగ్రీ చదివినావు కదమ్మా. ఈ షర్టుల ఆర్డరు లారీ ఎక్కేదాకా లైను నీ చేతిలో పెడతా. టైముకు ఎక్కిస్తే నువ్వే సూపర్‌వైజర్. లేకుంటే మళ్లా చెకింగ్ టేబులే. అంతే."

ఇంట్లో మా అత్త ఇంకో మెలిక పెట్టింది. బాబును పగలంతా చూసుకునేది ఆమే.

"బీకాం చదివి అంగీలు తిప్పి చూసేదానికి చంటిబిడ్డను నా ఒళ్లో ఏసి పోతాండావు. సూపర్‌వైజర్ అయితే పో, నేను చూసుకుంటా. కాలేదంటే ఆ పని మానుకొని ఇంట్లో ఉండు. నీ బిడ్డను నువ్వే సాక్కో."

ఆమె మాటలో తప్పు కూడా లేదు. నాకు మాత్రం ఆ ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి పోయే క్షణం కావాలి. బాబును వదిలి పోతున్నందుకు ఫ్యాక్టరీ వ్యాన్‌లో సగం దారి కళ్లు తుడుచుకునేదాన్ని. అయినా ఆ క్షణం కావాలి. దాన్ని నిలబెట్టుకోవడం ఇక ఆ లైను చేతిలో ఉంది. నాకేమో అరవడం రాదు.

ప్లేయర్‌లోని ఆయన అరవాల్సిన పనే లేదన్నాడు. ప్రతి మనిషిలోనూ ఒక లీడర్ ఉంటాడని వాళ్లకు చెప్పి చూడమన్నాడు. మరుసటి రోజు మిషన్లు ఆన్ చేయకముందే లైను ముందు నిలబడి, "మీలో ప్రతి ఒక్కరూ లీడరే" అన్నాను.

 గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చునే పిల్ల అడిగింది. "అట్లయితే మా సుమోలు యాడ మేడమ్?"

"ఒక సుమో యాడ చాలుతాది పాపా? ముందర ఒకటి, వెనకాల ఒకటి రావల్ల" అంది ఇంకొకామె.

"ఇస్త్రీ తెల్లచీరలు గూడ ఇప్పించు మేడమ్. జిందాబాద్ కొట్టేదానికి మనుషులు యాడన్నా దొరుకుతారులే!"

లైనంతా పడి పడి నవ్వింది. మా జిల్లాలో లీడర్ అన్న మాటకు ఒకటే అర్థమని నాకు అప్పుడు గుర్తొచ్చింది. నేను కూడా నవ్వాను.

ఇంకో పాఠంలో ఆయన మంచి పనిని నలుగురిలో మెచ్చుకో, తప్పును విడిగా పిలిచి చెప్పు అన్నాడు. ఇందులో సుమోలు లేవు కదా అనుకున్నాను. మా లైనులో కాలర్లు కుట్టే ఆమె ఒకామె ఉంది. నాకంటే పెద్దది, చిలమత్తూరు దగ్గరి పల్లె నుంచి వచ్చేది. కాలరు మూలలు ఆమె చేతిలో కత్తితో కోసినట్టు తిరిగేవి. ఒక రోజు నేను లైను ఆపించాను. ఆమె కుట్టిన కాలరు పైకెత్తి చూపించి, ఇంత వేగంగా ఇంత చక్కగా కుట్టే చెయ్యి ఫ్యాక్టరీ మొత్తంలో లేదని చెప్పి, అందరిచేత చప్పట్లు కొట్టించాను. ఆమె తల దించుకుంది. సిగ్గుపడుతోందనుకొని సంతోషించాను.

మరుసటి రోజు ఆమె వేలిలో సూది దిగింది.

గాయం పెద్దది కాదు. కట్టు కట్టించుకొని మళ్లీ వచ్చి కూర్చుంది. కానీ ఆ పూట నుంచి లైను మారిపోయింది. నేను అటు నడిస్తే మిషన్ల చప్పుడు తగ్గేది. ఇటు తిరిగితే పెరిగేది. కుట్టిన పీసులను ఒళ్లో దాచుకునేవాళ్లు. ఏమైందో తెలియక ఒకసారి స్తంభం పక్కన ఆగాను. నేను అక్కడున్నట్టు తెలియక, షర్టు చేతులకు కఫ్‌లు కుట్టే ఆమె పక్కామెతో అంటోంది.

"మేడమ్ వస్తాంది. చెయ్యి నిదానం చెయ్ వొదినా, పొగుడుతాది!"

గంటగంటకూ ఎన్ని షర్టులు అయ్యాయో రాసే బోర్డు లైను మొదట్లో ఉంటుంది. దాని మీది అంకె రోజురోజుకూ దిగుతూ వచ్చింది. మేనేజరు బోర్డు చూసి, నన్ను చూసి, "పాత సూపర్‌వైజర్‌ను తిరిగి పిలిపించల్లనా ఏమి?" అన్నాడు. ఆ సాయంత్రం వ్యాన్‌లో నేను ప్లేయర్ తీయలేదు. ఇక ఇంట్లో ఉండటమే అనుకున్నాను. బాబు వాసన గుర్తొచ్చింది. దాంతో ఓదార్చుకుందామనుకున్నాను గానీ కుదరలేదు.

అయినా ప్లేయర్‌లోని ఆయన చెప్పిన ఇంకో మాట తలలో మిగిలింది. నువ్వు ఏం చెప్పావన్నది కాదు, ఎదుటివాళ్లకు ఏం వినపడిందో అడుగు అన్నాడు. మధ్యాహ్నం షెడ్డు కింద కాలర్ అక్క క్యారియర్ విప్పుతుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను.

"అక్కా, ఆ పొద్దు అందరి ముందర నేను మాట్లాడినాను గదా. నీకు ఏమని వినపడింది?"

ఆమె ముద్ద కలపడం ఆపింది. "ఏమి వినపడేది మేడమ్? లైను లైనంతటి కండ్లు తెచ్చి నా చేతి మీద పోసినావు. అది చాలదని చప్పట్లు! మా ఎనుము పాలు బాగా ఇస్తాందని ఎవురన్నా అంటే మరుసటి దినమే తంతాది. నేను మనిషిని."

"అట్లయితే బాగుండే పనిని బాగుండాదని చెప్పద్దా?"

"చెప్పద్దని ఎవురన్నారు? అట్ల ఒట్టిగా చెప్పద్దు."

ఒట్టిగా అంటే ఏమిటని అడిగితే, "డిగ్రీ చదివినావు, బిడ్డను కన్నావు, నేను చెప్పల్లనా?" అని ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే బాబుకు మొహం కడిగి, ఎత్తుకొని అరుగు మీదికి తెచ్చాను. ఎదురింటామె చూసి, "ఏం బొద్దుగా అయినాడమ్మా మీ పిల్లోడు! బుగ్గలు చూడు!" అంది. లోపల బియ్యం ఏరుతున్న అత్త పరుగున వచ్చింది.

"యాడ బొద్దు తల్లీ? పొద్దున్నుంచి ముక్కు చీదుతానే ఉండాడు, కోతిమూతోడు" అని ఆమెకు జవాబు చెప్పి, నావైపు తిరిగింది. "ఒట్టి మొగంతో బిడ్డను బయటికి తేవద్దని నీకు ఎన్ని తూర్లు చెప్పల్ల?"

కాటుక వేలితో వాడి బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది. వాడు నవ్వాడు. చుక్క పక్కన బుగ్గ ఇంకా తెల్లగా, ఇంకా ముద్దుగా కనపడింది. నేను అట్లాగే నిలబడిపోయాను. ఒట్టి మొగం. ఒట్టి పొగడ్త. బిడ్డకు చుక్క పెట్టకుండా గడప దాటనిచ్చేది కాదు మా అత్త. నేనేమో చుక్క పెట్టకుండా ఒక మనిషి చేతిని లైను మొత్తానికి ఎత్తి చూపించాను. ఇంకా విచిత్రం, మా అత్త బాబును ఏనాడూ బంగారు కొండ అనగా నేను వినలేదు. కోతిమూతోడు, దొంగోడు, తిండిపోతు. రోజంతా ఆ తిట్లే. వాటికంటే పెద్ద మెచ్చుకోలు ఆ ఇంట్లో లేదు.

పొద్దున లైనులోకి పోతూనే కాలర్ అక్క మిషన్ దగ్గర ఆగాను. అందరికీ వినపడేటట్టే మాట్లాడాను.

"ఏమక్కా, కాలర్లు ఇట్ల కుడితే చెకింగ్ టేబుల్ వాళ్లు ఏమి తిని బతకల్ల? ఒక్క తప్పన్నా పెట్టవే! వాళ్ల పొట్ట కొడతాండావు!"

ఆమె మిషన్ ఆపి నన్ను చూసింది. పెదవి మూల కదిలింది. "కొడితే కొడతాలే. నువ్వు గూడ ఆడనుంచి వచ్చినదానివే గదా, వాళ్ల మీద అంత జాలి ఎందుకు?" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. ముందుకంటే వేగంగా.

ఓవర్‌లాక్ పిల్లను, "నీ నోరు యాడ తిరుగుతాదో మిషన్ గూడ ఆడే తిరుగుతాంది, రెండిటికీ బ్రేకు లేదు" అన్నాను. కఫ్‌లు కుట్టే ఆమెను, "ఇన్ని కఫ్‌లు పేరిస్తే చేతులు యాడ తెచ్చేది, పాపం ఒక్కొక్క అంగీకి రెండే గదా" అన్నాను. నాకు తిట్టడం రాదనుకున్నాను ఇన్నాళ్లూ. మా అత్త దగ్గర ఇంత చదువు ఉచితంగా దొరుకుతుంటే అమెరికా నుంచి దించుకున్నాను. తప్పు పడినప్పుడు మాత్రం విడిగా, మెల్లగా చెప్పేదాన్ని. ఆ పాఠం ఇక్కడా అట్లాగే చెల్లింది. అందరి ముందు తిట్టించుకోవడానికి అలవాటు పడ్డవాళ్లు, పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్తే ఆశ్చర్యపోయి వినేవాళ్లు.

చివరికి బోర్డు గురించి ఆలోచించాను. అంకె పెరుగుతోంది, అంత పెద్ద అంకె ఒట్టిగా గోడకు వేలాడుతోంది. నల్ల మార్కర్ తీసి బోర్డు మూలన గుండ్రంగా ఒక చుక్క పెట్టాను.  ఆ గంట అంకె రాసేటప్పుడు లైనులో అందరూ మెడలు సాచి చూశారు. అంతకుముందు ఆ బోర్డు వైపు ఎవరూ చూసేవాళ్లు కాదు.

మేనేజరు వచ్చి, "ఆ మరక ఏంది? తుడిపేయ్ అమ్మా" అన్నాడు.

"తుడిస్తే లైను నిలిచిపోతాది సార్."

ఆయన అంకె చూశాడు. చుక్క చూశాడు. మళ్లీ అంకె చూశాడు. "అట్లే ఉండనీ" అని వెళ్లిపోయాడు. ఆ మర్నాడు పక్క లైను బోర్డు మీద కూడా చుక్క కనపడింది. ఎవరు పెట్టారో నాకు తెలియదు.

మధ్యలో ఒక రోజు వాన పడింది. మా దిక్కున వాన పడిందంటే లైను సగం ఖాళీ. భూమి ఉన్నవాళ్లంతా చెనక్కాయ విత్తనానికి చేలకు పోతారు.  కానీ ఈసారి విత్తనం పడగానే ఎవరూ పిలవకుండానే ఆదివారం వచ్చి కూర్చున్నారు. "మేడమ్‌ను మళ్లా అంగీలు తిప్పేదానికి పంపిస్తారంట, చూస్తా కూర్చుంటామా?" అని కాలర్ అక్క ఎవరితోనో అంటుంటే విన్నాను. నా పరీక్ష సంగతి వాళ్లకు మొదటి నుంచీ తెలుసన్నమాట.

లారీ చెప్పిన రోజే బయలుదేరింది, ఇంకా పొద్దు ఉండగానే. చివరి పెట్టె ఎక్కాక మేనేజరు అందరినీ గేటు దగ్గర నిలబెట్టాడు. బెంగుళూరు నుంచి వచ్చిన కంపెనీ పెద్దాయన కూడా పక్కనే ఉన్నాడు. మేనేజరు గొంతు సవరించుకొని, నన్ను ముందుకు పిలిచి, "ఈ పొద్దు నుంచి ఈమెనే సూపర్‌వైజర్. ఇట్లాంటి సూపర్‌వైజర్ మన ఫ్యాక్టరీలో ఇంతవరకు..." అని మొదలుపెట్టాడు.

"వద్దు సార్!" అని లైను లైనంతా ఒక్కసారే అరిచింది.

ఆయన బిత్తరపోయాడు. కాలర్ అక్క ముందుకు వచ్చింది. "ఏమి సూపర్‌వైజర్ సార్ ఈమె! గాలి కొడితే పడిపోయేట్టుంటాది. పూటకు నాలుగు తూర్లు ఇంటికి ఫోన్ చేసి బిడ్డ తిన్నాడా, బిడ్డ పండుకున్నాడా అంటాది."

"అరిచేదానికి గొంతు గూడ లేదు సార్" అంది ఓవర్‌లాక్ పిల్ల. "మాకు సుమోలు ఇప్పిస్తానని మోసం చేసింది!"

నవ్వుల మధ్య కాలర్ అక్క నా చేతిలోని మార్కర్ లాక్కొని, నా గడ్డం పట్టుకొని, బుగ్గ మీద ఇంత చుక్క పెట్టింది. మార్కర్ పట్టింది సూది దిగిన వేలే. బెంగుళూరు పెద్దాయన అర్థం కాక చప్పట్లు కొట్టబోతే మేనేజరే ఆయన చెయ్యి పట్టుకొని ఆపాడు.

మార్కర్ చుక్క సబ్బుకు పోలేదు. వ్యాన్‌లో అందరూ నన్నే చూశారు. నేను తల ఎత్తుకునే కూర్చున్నాను. నెట్ సెంటర్ ముందు దిగితే మా ఆయన చూసి, "ఈ పాఠం ఆ ప్లేయర్‌లో నేను ఎక్కించలేదే!" అన్నాడు.

అత్త బాబును చంకనేసుకొని గడపలో నిలబడి ఉంది. నా బుగ్గ చూసింది.  బాబు చెయ్యి చాచి ఆ చుక్కను గోకబోయాడు.

"ఎవురు పెట్టినారో గాని వంకరగా పెట్టినారు" అని చీర కొంగు తడిపి రుద్ది చూసింది. పోలేదు. "పోనీలే, ఉండనీ. తిండి తిని పండుకో. పొద్దున లేటుగా లేచినావంటే వ్యాన్ పోతాది, మొద్దుదానా."