టేపులో మిగిలిన అక్క

మా అక్క ఒకప్పుడు పెద్ద స్టార్. ఈ మాట అంటే మా స్కూల్లో తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వనీ. తొంభైల చివర్లో హిందూపురం నుంచి ధర్మవరం దాకా, అటు కదిరి, ఇటు అగళి వరకు, ఏ ఊళ్లో జాతరైనా గోడల మీద మా అక్క బొమ్మే ఉండేది. పోస్టరులో ముఖానికి గులాబీ రంగు ఎక్కువై, జ్వరమొచ్చిన పెళ్లికూతురిలా కనిపించేది. అయినా జనం ట్రాక్టర్లెక్కి వచ్చేవాళ్లు. ఆమె స్టేజీ ఎక్కగానే వేసే ఈలలకు నా చెవులు గింగుర్లెత్తేవి.

మాది పెనుకొండ. నాయన బస్సు కండక్టరు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అక్క నాకన్నా నాలుగేళ్లు పెద్ద. మేము క్రైస్తవులం. ఆదివారం మందిరంలో అక్క పాటతోనే ఆరాధన మొదలయ్యేది. ఆమె పాడుతున్నంతసేపూ నాయన తలెత్తకుండా తన చేతులే చూసుకునేవాడు. గర్వపడితే పాపమని ఆయన భయం. ఇంటికొచ్చాక మాత్రం ఆ రోజంతా ఏ కారణమూ లేకుండా మా మీద ప్రేమ కురిపించేవాడు.

హిందూపురంలో ఒకాయనకు మైక్ సెట్ వ్యాపారముండేది, ఒక ఆర్కెస్ట్రా కూడా ఉండేది. ఆయన మైకులకు మతం లేదు. జాతరకూ, సువార్త సభకూ, ఎన్నికల సభకూ అవే డబ్బాలు. మా సభకు మైకులు కట్టడానికొచ్చి అక్క పాట విన్నాడు. మరుసటి వారం నాయన డ్యూటీలో ఉన్న బస్సెక్కి, టికెట్టు తీసుకుని మరీ అడిగాడు.

“ఏమప్పా, ఇట్లాంటి గొంతు పెట్టుకొని పాపను ఇంట్లో కూర్చోబెట్టినావా? నా తాన పంపీ. మన సీమలో ఆయమ్మను మించినోళ్లు లేరు అనిపిస్తా.”

నాయన రెండు షరతులు పెట్టాడు. చెల్లెలు ఎప్పుడూ అక్క వెంట ఉండాలి. ఆదివారం పొద్దునకల్లా అక్క మందిరంలో ఉండాలి. ఓనరు రెండింటికీ తలూపాడు. తలూపడం ఆయనకు బాగా వచ్చు.

హిందూపురంలో ఆయన ఇంటి మేడ మీద ఒక గది ఉండేది. అక్కను అందులో కూర్చోబెట్టి క్యాసెట్టు పెట్టేవాళ్లు. సినిమాలో పాడినామె ఎక్కడ ఊపిరి తీసుకుంటే అక్కా అక్కడే తీసుకోవాలి. ఆమె ఎక్కడ చిన్నగా నవ్వితే అక్కా అక్కడే నవ్వాలి. సొంతంగా ఒక్క సంగతి వేసినా టేపు మళ్లీ మొదటికి తిప్పేవాళ్లు. మా వైపు ఆర్కెస్ట్రా పాటగాళ్లకు ‘అచ్చం క్యాసెట్టే’ అనిపించుకోవడం కంటే పెద్ద మెప్పు లేదు. నాకైతే ఆ మెప్పు వింటే ఒళ్లు మండేది. మా అక్క మా అక్కలా పాడితే వీళ్లకు ఏం నొప్పి అని.

పెరుగు వద్దు, బజ్జీలు వద్దు, చల్లనీళ్లు వద్దు. ఒళ్లు చేస్తే డ్రస్సులు పట్టవని రాత్రిపూట ఒక్క చపాతీ. పెళ్లి మాట ఎత్తకూడదు. వాద్యగాళ్లతో నవ్వకూడదు. పేరు కూడా మార్చాడు, ఏదో అమ్మవారి పేరు పెట్టాడు. “జాతరకు పోయే గొంతుకు జాతర పేరే ఉండల్ల” అన్నాడు. ఆర్కెస్ట్రా ఏ ఊళ్లో పాడినా మొదటి పాట వినాయకుడిదే. అది అక్కే పాడాలి. వ్యాన్‌లో నేను ఆమె నుదుట స్టిక్కరు బొట్టు పెట్టేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు తీసి కిటికీ అద్దానికి అంటించేది. ఒక జాతరల కాలం గడిచేసరికి ఆ అద్దం నిండా బొట్లే.

ఈ సంగతి మందిరంలో తెలియకుండా ఉంటుందా? పాస్టరయ్య చెడ్డవాడు కాదు. అమ్మ పోయినప్పుడు మాకు నెల రోజులు వాళ్లింటి నుంచే అన్నం వచ్చింది. “కొన్నాళ్లు పాట ఆపుదాం తల్లీ, పెద్దోళ్లు బాధపడ్తాండారు” అని మెల్లగానే చెప్పాడు. అక్క సరేనంది. ఆ ఆదివారం నుంచి వెనక వరసలో కూర్చుని, అందరూ పాడుతుంటే పెదవులు మూసుకుని వినేది. జాతర్లో అంతమంది ఈలలు వేసినా రాని కన్నీళ్లు అక్కడ వచ్చేవి. నాకు దుఃఖం కాదు, కోపం వచ్చేది.

ఒక ఎండాకాలం ఓనరు మమ్మల్ని బెంగళూరు తీసుకుపోయాడు. స్టూడియోలో అక్క చేత వినాయకుడి పాటలు, అమ్మవారి పాటలు, జాతర పాటలు అన్నీ పాడించి టేపు చేయించాడు. అప్పటికే ఆమెకు జ్వరం. జాతరలకు విరామం లేదు. గొంతు పట్టేస్తే ఎవరో ఆరెంపీ డాక్టరుతో సూది వేయించేవాళ్లు. సూది పడగానే గొంతు విచ్చుకునేది, రెండు రోజులకు మునుపటికంటే ఎక్కువ మూసుకుపోయేది. పై స్థాయికి వెళ్లేటప్పుడు పాట మధ్యలో గాలి మాత్రమే వస్తోందని నేను గమనించాను. జనం గమనించలేదు. వాళ్లు ఈలల్లో ఉన్నారు.

చివరికి ఒకరోజు ఆమెకు ‘అన్నం’ అనే మాట కూడా సరిగా పలకలేదు. ధర్మవరంలో వారానికొకసారి గొంతు డాక్టరు వస్తాడంటే నాయన సెలవు పెట్టి తీసుకుపోయాడు. డాక్టరు చిన్న అద్దం పెట్టి చూశాడు.

“పార పట్టినోళ్ల చేతికి కాయలు కాస్తాయి చూడండి, ఈమెకు గొంతులో కాసినాయి. మందుల కంటే మౌనమే ముఖ్యం. రెండు నెలలు నోరు తెరవకూడదు. గుసగుసలు కూడా వద్దు. అట్లా ఉంటే కరిగిపోతాయి, మళ్లీ పాడొచ్చు. ఇప్పుడు అరిస్తే మాత్రం నేను చేసేదేం లేదు.”

నాయన తలూపాడు. అర్థమైందనే అనుకున్నాను.

అక్క మాటంటే మాటే. ఆ రోజు నుంచి పెదవి విప్పలేదు. నన్ను పిలవాలంటే చప్పట్లు, నాయనను పిలవాలంటే గిన్నె మీద గరిటె. తేలు కనబడినప్పుడు కూడా అరవకుండా నా జడ పట్టుకుని లాగింది. ఆ మౌనంలో ఆమె మెల్లగా మా అక్కలా అయింది. ఒళ్లు కాస్త తేరింది. పెరుగన్నం తింది. మళ్లీ పాడాలనే ఆశ ఆమె కళ్లలో నాకు కనబడేది. ఒకరోజు స్నానాల గది లోపల ఒక చిన్న కూనిరాగం తీసింది. ఒక్క స్వరమే. గాలి లేదు, గరగర లేదు, బావి నీళ్లంత స్వచ్ఛంగా ఉంది. తలుపు తీసి నన్ను చూసి, వేలు పెదవుల మీద పెట్టి నవ్వింది. డాక్టరు మళ్లీ రమ్మన్న రోజు దగ్గర్లోనే ఉంది.

నాయన మాత్రం కుంగిపోతున్నాడు. ఉదయం నుంచి సాయంత్రం వరకు జనం అరుపుల మధ్య బతికే మనిషికి, ఇంటికొస్తే మాట లేని బిడ్డ. వీధిలో అడిగేవాళ్లు. మందిరంలో అడిగేవాళ్లు. సువార్తలో మూగదయ్యాన్ని యేసు వెళ్లగొట్టగానే మాట వచ్చినవాడి కథ మాకందరికీ తెలిసిందే. వినాయకుడి పాటలు పాడిన పిల్లకు నోరు పడిపోయిందంటే మా వాళ్ల బుర్రలు నేరుగా అక్కడికే పోయాయి. డాక్టరు చెప్పిన మౌనమని నేను మొత్తుకున్నాను. “డాక్టరు చెప్పేది శరీరం సంగతి పాపా” అన్నారు. అంతటి జ్ఞానులకు ఏం చెబుతాం?

మందిరంలో ఉపవాస ప్రార్థన పెట్టారు. చివరి రోజు అక్కను మధ్యలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి చుట్టూ నిలబడి తల మీద చేతులు పెట్టారు. “నోరు తెరువు తల్లీ, స్తోత్రం చెప్పు” అని ఒకరి తర్వాత ఒకరు. వాళ్లంతా ఏడుస్తున్నారు. ఒక్కరిలోనూ కపటం లేదు, అదే నాకు భరించలేనిది. అక్క గొంతు చూపించింది, చేతులు జోడించింది, తల అడ్డంగా ఊపింది. ఆ ఊపడం కూడా దయ్యం పనే అనుకున్నారు. నేను అడ్డం పోతే ఇద్దరు ఆడవాళ్లు నన్ను గట్టిగా పట్టుకుని వెనక్కి లాగారు.

అప్పుడు నాయన వచ్చి అక్క పాదాల దగ్గర కూలబడ్డాడు. నాయన ఏడవడం అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు.

“ఒక్క మాట పలుకు బంగారూ. నేనే నిన్ను వానితో పంపిస్తి. తప్పు నాది. నీ నోరు దేవుడు నా మీద కోపంతో మూసినాడు. ఒక్క పాట పాడు, నా పాపం పోతాది.”

అక్క నా వైపు చూసింది. తర్వాత ఆయన నెరిసిన తల వైపు చూసింది. కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది. మందిరంలో ఎప్పుడూ పాడే పాటే. ఎవరి ఊపిరీ అనుకరించకుండా, తనకు నచ్చిన చోట ఆగుతూ పాడింది. మా అక్క అంత బాగా పాడగా నేనెప్పుడూ వినలేదు. మౌనంలో దాచుకున్నదంతా బయటికి తీసింది. రెండో చరణంలో పై స్థాయికి పోయినప్పుడు బట్ట చిరిగినట్టు గొంతు చిరిగింది. ఆమె ఆగలేదు. చిరిగిన గొంతుతోనే చివరి దాకా లాగింది.

జనం చప్పట్లు కొట్టారు. దయ్యం పోయిందన్నారు. నాయన లేచి అందరికీ చేతులు జోడించాడు. ఎవరో అరటిపండ్లు పంచారు. అక్క చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. అందులో ఎర్రగా కనబడింది నాకొక్కదానికే.

ఆ తర్వాత బెంగళూరులో ఆపరేషన్ చేయించాం. గొంతు రాలేదు. ఏదో ఊదిన శబ్దం మాత్రం మిగిలింది. దగ్గరగా కూర్చుంటేనే తెలుస్తుంది ఏమంటోందో. నాయన ఏం జరిగిందో అర్థం చేసుకున్నాడో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ రోజు మాట ఆయన ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. అక్క మాత్రం ఆయన మీద ఎప్పుడూ కోపపడలేదు. ఆ కోపం కూడా నేనే మోశాను.

ఓనరు ద్రాక్షపండ్లు తీసుకుని చూడ్డానికి వచ్చాడు. “దిగులు పడొద్దు పాపా, టేపు ఉండాది కదా” అన్నాడు. ఓదార్పనుకునే అన్నాడు. కొన్నాళ్లకు ఇంకో అమ్మాయిని తెచ్చాడు. అందంగా ఉంటుంది, బాగా ఆడుతుంది. పోస్టరు మీద ఆ అమ్మాయి బొమ్మ, స్టేజీ మీద ఆ అమ్మాయి పెదవులు, డబ్బాల్లో మా అక్క గొంతు. అక్కకు పెట్టిన అమ్మవారి పేరే ఆ అమ్మాయికీ పెట్టాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్పమని అక్కనే పిలిచాడు. అక్క వెళ్లి నేర్పింది. ఎందుకు పోయావని ఇంట్లో గిన్నెలు ఎత్తి కొట్టాను. “ఆ పిల్ల తప్పు చేస్తే నా పాట చెడిపోతాది” అంది.

రెండువేల సంవత్సరం దాటాక నాకు ధర్మవరంలో టీచరు ఉద్యోగం వచ్చింది. నాయన రిటైరయ్యాడు. ముగ్గురం ఇక్కడికి వచ్చేశాం. అక్క మగ్గాల దగ్గర పాత పోగులకు కొత్త పోగులు ముడివేసే పనికి పోయేది. ఆ పనికి మాట అక్కర్లేదు, వేళ్లు చాలు. నాయనకు చెవులు మందగించాయి. బస్సు ఇంజన్ పక్కన గడిపిన బతుకు మరి. నేను అరిచి చెబితే వినపడేది. అక్క చెప్పేది అసలు వినపడేది కాదు. ఆమె చెప్పడం, నేను గట్టిగా మళ్లీ చెప్పడం, ఇలాగే నడిచింది మా ఇంట్లో సంభాషణ.

ఒక ఏడు వినాయక చవితికి నాయన మంచం పట్టి ఉన్నాడు. మా వీధి మొదట్లో పందిరి వేశారు. మధ్యాహ్నం అన్నాల వేళ ఒక్కసారిగా డబ్బాలు మోగాయి. వినాయకుడి పాట. అక్క పాట. ముద్ద కలుపుతున్న ఆమె చెయ్యి ఆగింది. నాయన నిద్రపోతున్నాడని, సౌండు తగ్గించమని చెబుతానని లేచి వెళ్లింది. నేనూ వెంట పోయాను.

పందిరి దగ్గర ఆమె చెప్పింది. అక్కడున్నాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఏమక్కా? వినపల్లేదు.” మళ్లీ చెప్పింది. మళ్లీ అదే జవాబు. ఆమె గొంతు మీద ఆమె గొంతే మోగుతోంది. నేను ముందుకు పోయి అరిచాను. తగ్గించాడు. “మంచి పాట కదా మేడం, ఆయమ్మ ప్రోగ్రాం నేను కదిర్లో చూసినా. ఏం ఆడ్తాది” అన్నాడు. అక్క నన్ను చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

ఇంట్లో నాయన మేలుకునే ఉన్నాడు. కళ్లు తలుపు వైపు ఉన్నాయి.

“యాల తగ్గించమంటిరి? అది నువ్వు పాడిందే కదమ్మా. నాకు ఆ ఒక్కటే వినపడ్తాది” అన్నాడు.

అక్క ఆయన పక్కన కూర్చుంది. తడి చెయ్యి చీరకు తుడుచుకుని, ఆయన చెవి దగ్గరకు వంగి చెప్పింది.

“నేను మందిరంలో పాడింది ఎవురూ టేపు చెయ్యలేదు నాయనా.”

ఆయనకు వినపడలేదు. “ఏమంటాది?” అని, ఎప్పటిలా నా వైపు తిరిగాడు.

నేను చెప్పలేదు. అన్నం పళ్లెం తెచ్చి ఆయన ముందు పెట్టాను.