బావ కొన్న డిస్ట్రిబ్యూటర్

మా బావ నన్ను మొదటిసారి చిన్నబుచ్చింది నా మాటతీరు గురించి. అక్క పెళ్లైన కొత్తలో మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో, వాళ్లింటికి వెళ్లాను. తన స్నేహితుల ముందు, "పంతులై ఉండి కూడా గిట్ల, గట్ల అంటాడండీ మా బామ్మర్ది. ఇక పిల్లలకేం నేర్పుతాడో!" అని నవ్వాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వును నేను మరచిపోలేదు. తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక అదే మనిషి మెడలో కండువా వేసుకొని, మైకు పట్టుకొని "గిట్లయితె నడ్వది" అని గర్జిస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఆ ఏడాది మేం టీచర్లమంతా సమ్మెలో ఉన్నాం. నేను రోజూ జనగామలో దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేవాణ్ని. ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి బావ జీపు మా ఇంటి ముందు ఉంది.

"వచ్చే వారం మానుకోటల ర్యాలీ. మీ నాయిన కారు కావాలె. పైకప్పు లేని బండి గదొక్కటే. అండ్ల నిలబడి పోత," అన్నాడు. అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది.

అది ఇద్దరే కూర్చునే పాత విదేశీ స్పోర్ట్స్ కారు. ఒక దొర పాత గడిలో, కోళ్లు దాంట్లో కాపురం చేస్తుంటే చూసి, మా నాన్న అడిగి తెచ్చుకున్నాడు. ఏళ్ల తరబడి తన చేతులతోనే బాగుచేసుకున్నాడు. ఆయన పోయిన కొన్నాళ్లకు డిస్ట్రిబ్యూటర్ పాడైంది. ఇంజిన్‌లో నాలుగు ప్లగ్గులకూ వంతుల ప్రకారం కరెంటు పంచే డబ్బా అది. లోపలి ఇరుసు అరిగిపోవడంతో ఏ ప్లగ్గుకూ సమయానికి నిప్పురవ్వ అందేది కాదు. బండి నాలుగడుగులు వేసి, దగ్గి, ఆగిపోయేది.

ఇవ్వనని చెప్పి పంపేశాను. మర్నాడు అక్క ఫోన్ చేసింది. "నాయిన కారు నడుస్తుంటె ఒక్కసారి సూడాలని ఉన్నదిరా," అంది. ఇక కాదనలేకపోయాను.

జనగామ మెకానిక్ నాలుగు చోట్ల వాకబు చేసి, భూపాలపల్లిలో ఒకాయన దగ్గర ఆ సరుకు దొరుకుతుందని చెప్పాడు. బొగ్గు గనుల వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన పెద్దాయన. బావ, నేను జీపులో బయలుదేరాం. పరకాల దగ్గర జనం నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బావ మొదట హారన్ కొట్టమని డ్రైవర్‌ను తిట్టాడు. ఎవరో గుర్తుపట్టేసరికి కండువా సర్దుకొని దిగి, గంటె అందుకొని అన్నం వడ్డించాడు. ఫోటో తీయించుకున్నాడు. నేను జీపులోంచి దిగలేదు.

పెద్దాయన బల్ల మీద పేపరు పరిచి రెండు డిస్ట్రిబ్యూటర్లు పెట్టాడు. ఒకటి పాతది, మా కారుకు మొదట్నుంచీ ఉన్న రకమే. దాని ఇరుసును పట్టుకొని పక్కకు ఊపి చూడమన్నాడు. ఊగలేదు. పక్కనున్న సన్నటి గొట్టానికి నోరు పెట్టి గాలి పీల్చి పట్టాడు. లోపలి పలక జరిగి, అక్కడే నిలిచింది; గాలి కారడం లేదు. నల్లటి మూతను వెలుతురుకు తిప్పి చూపించాడు. ఎక్కడా పగులు లేదు.

రెండోది కొత్తది, ఎలక్ట్రానిక్. తళతళలాడుతోంది. బావ చెయ్యి దాని మీదికే పోయింది.

"దీన్ల పాయింట్లు ఉండయ్, పాతదాన్ల లెక్క గీకి సాపు చేసే పని లేదు," అన్నాడు పెద్దాయన. "కాని జర సోచాయించున్రి, తొందరవడొద్దు. పాత విలాయతి బండ్లల్ల కొన్నిటికి బ్యాటరీ ప్లస్ తీగ బాడీకుంటది. గట్లుంటె గిది పెట్టొద్దు. తాళం తిప్పంగనె కాలిపోతది. మీ బండికెట్లున్నది బేటా?"

ఆయన నన్నే అడిగాడు. నాకు తెలుసు. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ నాన్న అక్కనూ నన్నూ చెరోపక్క నిలబెట్టుకొని, "అన్ని బండ్లకు మైనస్ బాడీకి, దీనికి ప్లస్ బాడీకి. యాదుంచుకోండ్రి," అనేవాడు.

నేను నోరు తెరిచేలోపే బావ అందుకున్నాడు. "గీయనకేం తెలుస్తది చాచా, సుద్దముక్కలు పట్టేటోనికి? అన్ని బండ్లకెట్లనో దీనికి గట్లనే."

"నువ్వు చెప్పు బేటా," అన్నాడు పెద్దాయన మళ్లీ.

"నాకు తెల్వదు చాచా," అన్నాను.

బావ కొత్తది కొన్నాడు. కారును వ్యాన్‌లో ఎక్కించి మహబూబాబాద్ తీసుకెళ్లారు. ర్యాలీ రోజు పొద్దున బావ డ్రైవరే దాన్ని బిగించాడు. తాళం తిప్పాడు. చిటుక్కుమని చిన్న చప్పుడు, ఆ వెంటే కాలిన వాసన. అంతే. బయట డప్పులు మోగుతున్నాయి, జనం ఎదురుచూస్తున్నారు. బావ కాసేపు బానెట్ వైపు చూసి, "నూకుండ్రి," అన్నాడు.

ఆయన కారులో నిలబడి చేతులూపుతుంటే పదిమంది వెనకనుంచి నెట్టారు. అందులో నేనూ ఉన్నాను. జై తెలంగాణ అని గొంతు చించుకుంటూ, మహబూబాబాద్ రోడ్ల మీద ఎండలో, నేను అసహ్యించుకునే మనిషిని నెట్టుకుంటూ పోయాను. మొదట లోలోపల నవ్వుకున్నాను. పక్కన చెమటలు కక్కుతూ నెడుతున్న ముసలి రైతును చూశాక ఆ నవ్వు నిలవలేదు.

సాయంత్రం అక్క నాకు మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ప్లస్ బాడీకని నీకు తెల్వదా?"

నేను గ్లాసు కింద పెట్టాను. అక్కే మళ్లీ అంది:

"నాకు తెలుసు. నన్నెవ్వలడగలె, సామాను కొన్నదే నాకు చెప్పలె. మీ బావ చెప్పిండు, నిన్ను అడిగిండంట గద, గా పెద్దమనిషి? రెండుసార్లు అడిగిండంట గద? నాయిన కారురా అది!"

బావకు తను చెప్పనంది, నన్నే చెప్పమంది. వారం తర్వాత వెళ్లి, నాకు ముందే తెలుసని చెప్పాను. ఆయన కుర్చీ తన్నుకుంటూ లేచాడు. "నా ఇంట్ల తిని నన్నే బజార్ల నిలబెడ్తవారా?"

నేనూ అరిచాను. పెళ్లైన కొత్తలో నా మాటను ఎట్లా ఎగతాళి చేశాడో, ఎవరెవరు నవ్వారో ఒక్కొక్కటే చెప్పాను. ఆయన ముఖంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది.

"నేనా? ఎప్పుడన్న?"

ఆయనకు గుర్తే లేదు. నేను అన్నేళ్లు మోసింది ఆయన ఆ రోజే మరచిపోయాడు. అది తెలిసి నా కోపం తగ్గలేదు, రెట్టింపైంది. గడప దాటుతుంటే, మళ్లీ ఈ ఇంట్లో అడుగు పెట్టొద్దని వెనకనుంచి అరిచాడు. పెట్టలేదు.

కారును మళ్లీ వ్యాన్‌లో ఇంటికి తెచ్చుకున్నాక, ఒక్కణ్నే భూపాలపల్లి వెళ్లాను. పాత డిస్ట్రిబ్యూటర్ ఇంకా అక్కడే ఉంది. పెద్దాయన దాన్ని గుడ్డలో చుట్టిస్తూ, "కాలిందా?" అని మాత్రం అడిగాడు. తలూపాను. తను అడిగినప్పుడు నేను అబద్ధమాడానని ఆయనకు అర్థమైందనే అనుకుంటాను.

కారు ఇప్పుడు బాగా నడుస్తుంది. పాలకుర్తి దాకా వెళ్లొచ్చినా ఒక్కసారి దగ్గదు. రాష్ట్రం వచ్చింది. బావ, నేను ఎదురుపడితే ముఖాలు తిప్పుకుంటాం. అక్క ఏటా రాఖీకి బస్సులో జనగామ వస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు కారెక్కమంటే ఎక్కదు. బస్టాండు దాకా నడుస్తుంది. నేను సంచి పట్టుకొని ఆమె వెనకే నడుస్తాను.