నెప్ట్యూన్ తిరిగి రాలేదు

జింగనూర్ దగ్గరి మా బడిలో ఈ రోజు ఏడో తరగతి పిల్లలనే గ్రహాలుగా నిలబెట్టాను. గేటు దగ్గర పెట్టిన బంతి సూర్యుడు. అక్కడి నుంచి పది అంగల్లో భూమి. ఆ లెక్కన నెప్ట్యూన్ మూడు వందల అంగలు. నీలం అట్ట పట్టుకుని రజిత పొలాలు దాటి నడిచింది. దారి మలుపులో ఆ పిల్ల కనిపించకుండా పోతుందని నాకు తట్టనే లేదు.

ఈల ఊదగానే అందరూ వచ్చారు, రజిత తప్ప. మళ్లీ ఊదాను. మొన్న అటువైపు ఎలుగుబంటి తిరిగిందన్న మాట గుర్తొచ్చింది. పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి, వంట చేసే లక్ష్మక్కతో కలిసి పరుగెత్తాను.

మలుపు దాటగానే, టేకు చెట్టుకు ఆనుకుని, అట్టను గుండెకు అదుముకుని నిలబడి ఉంది రజిత.

"ఈల వినపడలేదా?"

"వినపడ్డది మేడం. ఎలుగు గా పుట్ట తవ్వుతుండె. ఉరికితే ఎంబడి పడ్తదని మా అవ్వ చెప్పింది. గందుకే కదలలే. ఇప్పుడే పోయింది."

పుట్ట కింద తవ్విపోసిన మట్టి ఇంకా తడిగా ఉంది. నా కాళ్లు ఆగకుండా వణికాయి.

"పెద్దమ్మా, జర మేడంను పట్టుకో," అంది రజిత లక్ష్మక్కతో.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, తప్పు నాదేనని వాళ్లమ్మకు చెప్పాను.

రేపటి నుంచి భూమి ఒక్క అంగ. నెప్ట్యూన్ ముప్ఫై అంగల్లో, ప్రహరీ లోపలే. సౌరకుటుంబం మరీ ఇరుకైపోయిందని సైన్స్ టీచర్లు ఎవరైనా అనదలిస్తే కామెంట్లలో అనండి. వింటాను, మార్చను.