కడ్డీ లేని సైకిలు

సైకిళ్ల మీద నా దగ్గర మూడు పుస్తకాలున్నాయి. మూడూ నాకు ప్రాణం. రెండింటిని ఎవరడిగినా ఇస్తాను. మూడోదాన్ని చచ్చినా ఇవ్వను.

ఒకటి గుడివాడలో పాత కాగితాల కొట్లో దొరికిన రిపేరు పుస్తకం. అట్ట లేదు, చివరి పేజీలు లేవు, కానీ చెయిను తెగితే ఎలా అతకాలో బొమ్మలు వేసి మరీ చెప్పాడు. రెండోది ఈమధ్య కొనుక్కున్న లావుపాటి రంగుల పుస్తకం. పాతకాలపు సైకిళ్ల ఫొటోలు చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. అయితే అది రాసినాయన, సైకిలు ఆడవాళ్లకి స్వేచ్ఛ తెచ్చిపెట్టిందని పేజీలకి పేజీలు పొంగిపోయాడు. అక్కడికి వచ్చేసరికి నాకు ఒళ్లు మండుతుంది. సైకిలు దానంతటది ఎవరికీ ఏమీ తెచ్చిపెట్టదు. ఇంట్లో మగవాడు దాని జోలికి రాకుండా ఉన్నప్పుడు చూద్దాం ఆ మాట.

మూడోది ఎర్రగుడ్డ బైండు పుస్తకం. బందరులో మా అమ్మ వంట చేసిన బంగళా దొరసాని, తన దేశం వెళ్లిపోతూ నాకిచ్చింది. దాంతోపాటు తన సైకిలూ ఇచ్చింది. నల్లటి లేడీస్ సైకిలు. బట్టలు వెనక చక్రంలో పడకుండా దారాల వల కట్టి ఉండేది. తొక్కడం ఆవిడే బంగళా ఆవరణలో నేర్పింది. నేనప్పుడే టీచరు ట్రైనింగు పూర్తి చేశాను. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదు. మొదట్లో సైకిలుకి పెడళ్లే లేవట, కాళ్లతో నేలని తన్నుకుంటూ పోయేవారట. ఆ తర్వాత వచ్చినదానికి ముందు చక్రం మనిషెత్తు, వెనకది కంచమంత. దాని మీంచి బోర్లాపడిన పెద్దమనుషుల బొమ్మలు చూసి నేనూ అమ్మా పగలబడి నవ్వేవాళ్లం.

ఆ వేసవిలోనే నాకు ఉద్యోగం ఆర్డరు వచ్చింది. బంటుమిల్లి వైపు, ఆరు మైళ్ల అవతల ఒక పల్లెలో బడి. ఆ ఊరికి బస్సు లేదు, కాలవగట్టు వెంబడి పోవాలి. సైకిలుంటే గంట. నా బతుకులో అంత సంతోషం మళ్లీ ఎరగను.

మా అన్నయ్య ఎరగనివ్వలేదు. నాన్న పోయాక ఇంటికి పెద్ద ఆయనే. ఆఫీసులో గుమాస్తా, గుడిలో, అంటే మా చర్చిలో, సంఘ పెద్ద, నాలుగేళ్ల కూతురికి తండ్రి. ఆఫీసుకి నడిచి వెళ్తూ రోజూ ఆ సైకిలు వైపు ఓరగా చూసేవాడు. లేడీస్ సైకిలెక్కితే తోటి గుమాస్తాలు ఏడిపిస్తారని భయం.

"వయసొచ్చిన పిల్ల గట్టు మీద సైకిలు తొక్కుకుంటా పోతే సంఘంలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?" అన్నాడు.

వాదించి గెలుద్దామనుకున్నాను. ఆ సాయంత్రం ఎర్ర పుస్తకం తెచ్చి, ఆడవాళ్ల సైకిళ్ల అధ్యాయం తెలుగులో చెబుతూ చదివి వినిపించాను. మొదట అన్ని సైకిళ్లకీ సీటు ముందు కడ్డీ ఉండేదనీ, ఆడవాళ్ల బట్టలకి అడ్డమొస్తోందని దాన్ని తీసేశారనీ, మిగతాదంతా ఒకటేననీ బొమ్మ చూపించి మరీ చెప్పాను. అన్నయ్య బుద్ధిగా విన్నాడు. బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అంతేనా తేడా? ఈ ఒక్క కడ్డీయేనా?"

"అంతే అన్నయ్యా," అన్నాను, మహా తెలివైనదాన్నిలా.

వారం తిరక్కుండా సైకిలు మాయమై, సాయంత్రానికి తిరిగొచ్చింది. సీటు దగ్గర్నుంచి హేండిలు దాకా అడ్డంగా ఇనప గొట్టం వెల్డింగు చేయించాడు. రెండు చివర్లా అతుకులు కురుపుల్లా ఉబ్బి ఉన్నాయి. వెనక దారాల వల కూడా పీకేశాడు.

"నేనేవన్నా వద్దన్నానా? తొక్కుకో," అన్నాడు.

ఇంటి వెనక గోడ పట్టుకుని ఎక్కబోయాను. చీర కడ్డీకి తట్టుకుని అంచు చిరిగింది, మోకాలు చెక్కుకుపోయింది. అమ్మ చూసి లోపలికి వెళ్లింది. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో అన్నయ్య, చెల్లి ఉద్యోగానికి వెళ్లే దారిలో ఏ ఆపదా రాకూడదని కళ్లు మూసుకుని వేడుకున్నాడు. నేను కళ్లు తెరుచుకునే ఉన్నాను.

మర్నాడు సైకిలు నడిపించుకుంటూ సైకిలు షాపు సాయిబు గారి దగ్గరికి వెళ్లాను.

"మీ అన్నయ్యగారు ముందు నా దగ్గరికే వచ్చారమ్మా," అన్నాడాయన. "బంగారంలాంటి బండి, నా చేత్తో పాడుచెయ్యనండీ అన్నాను. ఇంకెక్కడో చేయించారు."

"కోసెయ్యండి సాయిబు గారూ."

"ఎంతసేపమ్మా, చిటికెలో పని. కానీ ఆయన ఒక మాట చెప్పాలి కదండీ."

మంచివాడే. ఆ మంచితనం నాకెందుకూ కొరగాలేదు.

మూడు వారాలు నడిచి వెళ్లాను. తొలకరి పడ్డాక గట్టు మీద నల్లమట్టిలో కాళ్లు పిక్కల దాకా దిగబడేవి. రోజూ బడికి ఆలస్యమే. చివరికి జ్వరంతో మంచాన పడ్డాను. లేచేసరికి ఆ ఉద్యోగంలో ఇంకొకర్ని వేశారు. అన్నయ్య మాత్రం ఆ సైకిలు మీద దర్జాగా ఆఫీసుకి వెళ్లేవాడు. గంట కొట్టడం కూడా ఒక పద్ధతి ప్రకారం కొట్టేవాడు.

రెండేళ్లకి బందరులోనే చిన్న బళ్లో పని దొరికింది. అద్దె గది తీసుకుని ఎర్ర పుస్తకం పట్టుకుని ఆ ఇంట్లోంచి వచ్చేశాను. అన్నయ్యతో అవసరమైతేనే మాట్లాడేదాన్ని. అది ఎప్పుడోగాని ఉండేది కాదు.

పదేళ్లు గడిచాయి. ఒక ఆదివారం గుడి బయట అన్నయ్య నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"మనమ్మాయి కాలేజీలో చేరుతోంది. పాపం రోజూ అంత దూరం ఏం నడుస్తది? ఆ కడ్డీ కోయించేశాను. నీ దగ్గర అదేదో పుస్తకం ఉండాలి కదా, దానికి సరదా, ఓసారి ఇవ్వు."

నడక ఎంత దూరమో ఆయనకి తెలుసన్నమాట. వెనక్కి తిరిగి వచ్చేశాను.

రెండ్రోజులకి మేనకోడలే వచ్చింది, సైకిలు మీద. వాకిట్లో స్టాండు వేసింది. కొత్తగా నల్లరంగు వేయించారు. సీటు కిందా హేండిలు కిందా అతుకులు కోసిన మచ్చలు రంగు కిందనుంచి కూడా తెలుస్తున్నాయి. పిల్ల మొహం వెలిగిపోతోంది.

"అత్తా, నాన్న చెప్పారు, నీ దగ్గర సైకిళ్ల పుస్తకం ఉందంట కదా. చదివి జాగ్రత్తగా ఇచ్చేస్తాను."

పుస్తకం నా వెనకే, ట్రంకుపెట్టె మీద, దిండుగలీబు కింద ఉంది.

"చెదలు తినేశాయే, ఎప్పుడో," అన్నాను.

"అయ్యో," అంది. నిజంగానే నొచ్చుకుంది. నేను బాధపడుతున్నాననుకుని నా చెయ్యి కూడా పట్టుకుంది. తర్వాత చీర కాస్త ఎత్తిపట్టి, ఏ అడ్డూ లేకుండా సైకిలెక్కి వెళ్లిపోయింది.

ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. ఆ వయసులో నేనూ చెయ్యలేదు.