ఏంజెల్ చేపను సస్పెండ్ చేసిన రోజు

నా చిన్నప్పుడు నాకు ఓపిక తక్కువ, తీర్పులు చెప్పే అలవాటు ఎక్కువ. గోదావరి ఒడ్డున బొగ్గు గనుల కాలనీలో ఉండేది మా క్వార్టరు. మా దిక్కు నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు గని నుంచి వచ్చి, అన్నం తింటూ అవ్వకు చెప్పే ముచ్చట్లన్నీ నేను చెవులు రిక్కించి వినేదాన్ని. డ్యూటీలో ఎవరు కొట్లాడారు, ఎవరికి చార్జిషీటు ఇచ్చారు, ఎవరు సస్పెండ్ అయ్యారు, అన్నీ నాకు తెలుసు. తప్పు చేసినవాణ్ణి నాలుగు రోజులు బయట కూర్చోబెడితే గొడవ సద్దుమణుగుతుందని మా కాలనీ పిల్లలందరికీ గట్టి నమ్మకం. ఆటల్లో కూడా మేం ఒకరినొకరం సస్పెండ్ చేసుకునేవాళ్లం.

పక్క క్వార్టరులో బాబాయి వరసయ్యే కాక ఉండేవాడు. సొంత కాక కాదు గానీ అంతకంటే ఎక్కువే. గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఆయన భార్య, మా చిన్నమ్మ, సుల్తానాబాద్ దగ్గర ఊళ్లో వరి పొలం చూసుకుంటూ ఉండిపోవడంతో ఇక్కడ ఒక్కడే వండుకు తినేవాడు. ఆయనకున్న ఒకే ఒక్క షోకు, ముందు గదిలోని చేపల గాజు తొట్టి. అందులోని నల్ల మోలీ చేప నాదని ఒకసారి మాటవరసకు అన్నాడు. నేను మాత్రం పట్టా రాసిచ్చినట్టే తీసుకున్నాను.

ఆ తొట్టిలో చారల ఏంజెల్ చేపలు రెండు ఉండేవి. పలచటి ఒళ్లు, పొడవాటి రెక్కలు. చాలా రోజులు బుద్ధిగానే తిరిగాయి. జత కట్టాక వాటి గుణమే మారిపోయింది. ఓ వెడల్పాటి ఆకు మీద గుడ్లు పెట్టి, చెరోవైపు కాపలా కాస్తూ, మిగతా చేపలన్నింటినీ ఒక మూలకు తరిమేశాయి. అంతకు ముందు రెండుసార్లు పెట్టిన గుడ్లు దక్కలేదు. కాక మాత్రం ఆశ వదల్లేదు. "గీసారన్న పిల్లలైతే సాలు బిడ్డా" అని నాతో అన్నాడు, మా అవ్వతో కూడా చెప్పుకున్నాడు.

అవి ఎండాకాలం సెలవులు. కాక పొద్దుటి షిఫ్టుకు పోతూ తాళంచెవి మాకిచ్చి, చేపలకు మేత వేయమని నాకు చెప్పాడు. వెళ్లి చూద్దును కదా, నా నల్ల మోలీ తోక చీలికలై ఉంది. మేత కోసం పైకి వచ్చిందో లేదో, జంటలో పెద్దది దూసుకొచ్చి పొడిచింది. నా ఒళ్లు మండిపోయింది. చాయ వడపోసే జాలితో ఆ పెద్దదాన్ని పట్టి, నల్లా తిప్పి నీళ్లు నింపిన బకెట్‌లో వేశాను. సాయంత్రం దాకా దానికి డ్యూటీ లేదని తీర్పు కూడా చెప్పాను.

మధ్యాహ్నం మళ్లీ వెళ్లి చూసేసరికి నా తీర్పు ఫలితం కళ్ల ముందుంది. ఒంటరిగా మిగిలిన ఏంజెల్ ఒక చేపను తరిమేలోపు ఇంకో రెండు వచ్చి గుడ్లు తినిపోతున్నాయి. ఆకు మీద సగం కూడా మిగల్లేదు. బకెట్‌లోదేమో పక్కకు ఒరిగి, నోరు మాత్రం ఆడిస్తోంది. అది చచ్చిపోతే కాక మళ్లీ నా ముఖం చూడడనిపించింది. పారిపోదామన్నా, దాన్ని అట్లా వదిలి పోబుద్ధి కాలేదు. ఏడుస్తూ అక్కడే కూర్చున్నాను.

షిఫ్టు దిగి వచ్చిన కాక బకెట్‌నూ చూశాడు, నన్నూ చూశాడు. తిట్టలేదు. నా చేతికి మగ్గు ఇచ్చి, తొట్టిలో నీళ్లు ముంచి బకెట్‌లో కొంచెం కొంచెంగా పోయమన్నాడు. "జర నిదానం బిడ్డా, నీళ్లు మారితె దానికి పానం మీదికొస్తది" అన్నాడు. నేను పోస్తూనే ఉన్నాను. ఎంతసేపటికో దాని రెక్క కదిలింది. ఇంకాసేపటికి నిటారుగా నిలబడింది. అప్పుడు వదిలాను ఊపిరి.

ఈలోగా కాక వెదురు బద్దలు కట్టి, వాటికి కొత్త దోమతెర గుడ్డ బిగించాడు. దాన్ని తొట్టిలో అడ్డంగా దించి, తెర వెంబడి నాచు మొక్కలు నిలబెట్టాడు. గుడ్లున్న వైపు జంట, ఇవతల మిగతావన్నీ. "గనిల పైకప్పు మంచిగ లేని కాడ మేం దాన్ని తిడ్తమా? అడ్డం కట్టి అటు ఎవ్వర్ని పోనియ్యం. గిది గూడ గంతే" అన్నాడు. బకెట్‌లోంచి వదలగానే పెద్ద ఏంజెల్ నేరుగా ఆకు దగ్గరికి పోయి, మిగిలిన గుడ్ల మీద రెక్కలతో విసనకర్రలా విసరడం మొదలుపెట్టింది. ఇవతల నా మోలీ చాలా రోజుల తర్వాత తొట్టి మధ్యకు వచ్చి తిన్నది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఎవరి కోసం చేసినవ్ బిడ్డా?" అని అప్పుడు అడిగాడు కాక. నేను మోలీ వైపు వేలు చూపించాను.

"మరి గా చేప ఎవరి కోసం పొడిచింది?"

ఆకు వైపు చూసి తల దించుకున్నాను. కాక నా తల మీద చెయ్యి వేసి, "ఇద్దరూ ఒక్క తీరే ఉన్నరు. ఫికర్ జెయ్యకు, పో, మొఖం కడుక్కొని రా" అన్నాడు.

మూడో రోజుకు మిగిలిన గుడ్లలో కొన్ని పిల్లలయ్యాయి. కాలనీ అంతా వచ్చి చూసి పోయింది.

ఇప్పుడు నాకు మనవలూ మనవరాళ్లూ ఉన్నారు. ఎవరో ఒకరు ఎవరినో కొట్టి, కొరికి, తల వంచుకుని నా ముందు నిలబడుతూనే ఉంటారు. వాళ్ల చేతికి ముందు ఏదో ఒక చిన్న పని ఇస్తాను. గుండె దడ కాస్త తగ్గాక పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరి కోసం చేసినవ్ బిడ్డా అని అడుగుతాను.